ఫోన్ కెమెరాతో కాంటాక్ట్ యాంగిల్ కొలవడం ఎలా?

ఇంటర్ ఫిజిక్స్‌లో తలతన్యత పాఠం చదివిన ఎవరికైనా ఒక లైను గుర్తుండే ఉంటుంది. శుభ్రమైన గాజుకూ నీటికీ మధ్య స్పర్శకోణం (కాంటాక్ట్ యాంగిల్) సున్నా, పాదరసానికైతే దాదాపు 140 డిగ్రీలు. తర్వాత బీటెక్‌లోనో ఎమ్మెస్సీలోనో ఏదో కోటింగ్ మీద ప్రాజెక్టు తగులుతుంది. గాజు స్లైడు మీద నీటి బొట్టు వేసి చూస్తే సున్నా కాదు కదా, 40 వస్తుంది. ఇక నాకు ఫోన్లు మొదలు. "సార్, మా కాలేజీలో గోనియోమీటర్ (ఈ కోణం కొలిచే పరికరం) లేదు. మొబైల్‌తో తీశాం. 40 వచ్చింది. ఎక్కడ తప్పు చేశాం?"

తప్పు మొబైల్‌ది కాదు. పాఠంలో "శుభ్రమైన" అనే మాటను అందరూ దాటేసి చదువుతారు. బొట్టుకు తగిలేది పదార్థంలో పైపైన ఉన్న ఒకటి రెండు అణువుల మందం పొర మాత్రమే. ఆ పొర మీ వేలి జిడ్డు అయితే, మీరు కొలిచింది గాజును కాదు, మీ వేలిని. అందుకే కింద చెప్పే పద్ధతిలో కెమెరా గురించి ఎంత ఉంటుందో, కడగడం గురించి కూడా అంతే ఉంటుంది.

సిద్ధాంతం ఇక్కడికి సరిపడా చెప్పి వదిలేస్తాను. బొట్టు, గాజు, గాలి మూడూ కలిసే అంచు దగ్గర, నీటి లోపలివైపు ఉండే కోణమే కాంటాక్ట్ యాంగిల్. 90 కంటే తక్కువైతే నీరు ఆ ఉపరితలాన్ని తడుపుతుందని, ఎక్కువైతే తడపదని అంటాం. థామస్ యంగ్ 1805లో ఈ విషయాన్ని ఒక్క సమీకరణం కూడా రాయకుండా మాటల్లోనే చెప్పాడు. కాబట్టి సమీకరణం గుర్తులేదని మీరు టెన్షన్ పడనక్కర్లేదు.

ఏమేం కావాలి

- 2x లేదా 3x టెలి లెన్స్ ఉన్న ఫోన్. లేకపోతే మామూలు ఫోన్‌కు తగిలించే క్లిప్ మాక్రో లెన్స్. డిజిటల్ జూమ్ పనికిరాదు, అంచు మసకబారుతుంది.
- ఇన్సులిన్ సిరంజి, 31 గేజ్ సూదితో. మెడికల్ షాపులో రెండు రకాలుంటాయి: ఎర్ర మూతది యూ-40, ఆరెంజ్ మూతది యూ-100. ఆరెంజ్ మూతదే అడగండి. అందులో ఒక యూనిట్ అంటే 10 మైక్రోలీటర్లు. యూ-40లో ఒక యూనిట్ అంటే 25. ఈ తేడా చూసుకోకపోతే లెక్కలన్నీ రెండున్నర రెట్లు తేడాగా వస్తాయి.
- డిస్టిల్డ్ వాటర్. ల్యాబ్‌లో లేకపోతే మెడికల్ షాపులో దొరికే స్టెరైల్ వాటర్ ఫర్ ఇంజెక్షన్ ఆంప్యూల్ చాలు. చేయి తిరగడానికి బ్యాటరీ వాటర్ అయినా పర్వాలేదు. క్యాన్ నీళ్ళు మాత్రం వద్దు. నీటిలో కాస్త ఉప్పు ఉంటే పెద్దగా తేడా రాదు కానీ, క్యాన్‌లోనో గ్లాసులోనో మిగిలిన సబ్బు, నూనె కొంప ముంచుతాయి.
- వెనక నుంచి వెలుతురు కోసం ఇంకో ఫోన్. తెల్లటి బొమ్మ ఒకటి ఫుల్ స్క్రీన్ పెట్టి, దాని ముందు ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టాలి.
- స్టీల్ స్కేలు, నాలుగైదు పుస్తకాలు, రెండు అగ్గిపెట్టెలు.
- చిమటా. స్లైడ్లను చేత్తో ముట్టుకోవద్దు కాబట్టి ఇది తప్పనిసరి.

మొదటి మెట్టు: కడగడం

1. గాజు స్లైడును గిన్నెలు తోమే లిక్విడ్ చుక్కతో కడగండి. చేతులు కడుక్కునే సబ్బులు వద్దు. వాటిలో చర్మానికి మెత్తదనం ఇచ్చేవి కలుపుతారు, అవి గాజుకు పట్టేస్తాయి. తర్వాత కుళాయి కింద కనీసం ఒక నిమిషం కడిగి, చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు జారవిడవండి.

ఇక్కడే మొదటి పరీక్ష. స్లైడును నిలువుగా పట్టుకుని చూడండి. నీరు పల్చటి పొరలా ఎక్కడా తెగకుండా కిందికి దిగితే గాజు శుభ్రంగా ఉన్నట్టు. మధ్యలో పొర చిరిగి, నీరు పాయలుగా విడిపోయి, చిన్న చిన్న బొట్లుగా ముడుచుకుంటే ఇంకా జిడ్డు ఉంది, మళ్ళీ కడగండి. రంగు వేసే ముందు, ప్లేటింగ్ చేసే ముందు లోహపు రేకులను ఇలాగే నీటితో పరీక్షిస్తారు.

2. గుడ్డతో తుడవకండి. నిలువుగా ఆనించి, పైన ఒక గిన్నె బోర్లించి ఆరనివ్వండి.

ఆరిన గంటలోపే కొలవండి. నేను ఒకసారి ఇంట్లో, వంటింటి గట్టు మీదే సెటప్ పెట్టుకున్నాను. ఉదయం కడిగిన స్లైడ్ల మీద కోణం 12 దగ్గర వచ్చింది. మధ్యాహ్నం అదే పెట్టెలో మిగిలిన స్లైడ్ల మీద 30 దాటింది. మధ్యలో జరిగింది ఒక్కటే, పప్పులోకి పోపు. గాలిలో తేలే నూనె ఆవిరి శుభ్రమైన గాజు మీద చాలా త్వరగా చేరుతుంది. పోపు లేకపోయినా చేరుతుంది, కాస్త ఆలస్యంగా.

హెచ్చరిక: పైరానా ద్రావణంతో కడిగితే సున్నా వస్తుందని ఎక్కడో చదివి, ల్యాబ్‌లో ఎవరికీ చెప్పకుండా కలిపేవాళ్ళున్నారు. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసిన ఆ ద్రావణం అసిటోన్ లాంటివి తగిలితే పేలుతుంది. మీ ప్రాజెక్టుకు అది అక్కర్లేదు. అలాగే యాక్రిలిక్ షీటును అసిటోన్‌తో తుడవకండి, పైన సన్నటి పగుళ్ళు వస్తాయి. ప్లాస్టిక్ షీట్లకు పైనున్న రక్షణ ఫిల్మ్‌ను బొట్టు వేసే ముందు ఊడదీయడమే అన్నిటికన్నా మంచి శుభ్రత.

రెండో మెట్టు: కెమెరా, వెలుతురు

3. పుస్తకాల దొంతర మీద శాంపిల్ పెట్టండి. ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో రెండు దిక్కుల్లోనూ సమంగా ఉందో లేదో చూడండి. కింద మడిచిన కాగితం పెట్టి సరిచేసుకోవచ్చు.

4. కెమెరా లెన్స్ సరిగ్గా శాంపిల్ ఎత్తులో ఉండాలి. ఎక్కువమంది పై నుంచి కిందికి చూస్తూ తీస్తారు. అలా తీస్తే బొట్టు ఎత్తూ తప్పుగా వస్తుంది, అంచూ ఎక్కడుందో తెలియదు. ఒకటి రెండు డిగ్రీలు మాత్రం కిందికి వంచండి, అంతకు మించి వద్దు. ఆ కాస్త వంపు ఎందుకో కింద 7వ అంశంలో తెలుస్తుంది.

5. వెలుతురు బొట్టు వెనక ఓ జానెడు దూరంలో ఉండాలి. అది ఫ్రేము కంటే కొంచెమే పెద్దదిగా ఉండాలి. మరీ పెద్ద తెర పెడితే పక్కల నుంచి వచ్చే వెలుతురు బొట్టు అంచును తినేస్తుంది. ఎక్స్‌పోజర్ తగ్గించండి. బొట్టు నల్లగా, దాని నడుమ ఒక తెల్లటి మచ్చతో కనిపించాలి. ఆ మచ్చ చూసి చాలామంది కంగారు పడతారు. బొట్టు లెన్స్‌లా పనిచేస్తున్నందువల్ల వచ్చేదే అది, ఉండాల్సిందే.

ముందుగా సూది మొనను బొట్టు పడే చోట ఉంచి, దాని మీద ఫోకస్ చేసి లాక్ చేసుకోండి. షట్టర్‌ను వేలితో నొక్కితే ఫోన్ కదులుతుంది. టైమర్ పెట్టుకోండి. లేదంటే వైరు ఉన్న ఇయర్‌ఫోన్ తగిలించి వాల్యూమ్ బటన్ నొక్కండి, చాలా ఫోన్లలో అదే షట్టర్‌గా పనిచేస్తుంది.

మూడో మెట్టు: బొట్టు

6. బొట్టు పరిమాణం ఎంతో ముందే తెలుసుకోండి. సిరంజిలో నీరు నింపి, మూడు నాలుగుసార్లు పూర్తిగా బయటికి నెట్టేయండి. ఈ సిరంజిలకూ సూదులకూ లోపల సిలికాన్ నూనె రాసి ఉంటుంది, మొదటి నీళ్ళతో కొంతైనా పోవాలి. మీ శాంపిల్ బాగా తడిసే రకమైతే ఈ సిరంజి బదులు మైక్రోపిపెట్ దొరుకుతుందేమో చూడండి.

తర్వాత సూదిని నిలువుగా పట్టుకుని 10 యూనిట్లు, అంటే 100 మైక్రోలీటర్లు, చుక్క చుక్కగా వదులుతూ లెక్కపెట్టండి. 18 చుక్కలు పడితే ఒక్కో చుక్క దాదాపు 5.5 మైక్రోలీటర్లు. ఇంత సన్నటి సూదికి చుక్క తనంతట తానే ఈ సైజులో తెగిపడుతుంది. సూది బయట తడిసి ఉంటే మాత్రం చుక్క పెద్దదవుతుంది. ప్రతిసారీ మొనను టిష్యూతో అద్దండి.

ఇంత చిన్న బొట్టే ఎందుకంటే, పెద్దదైతే తన బరువుకు తానే చదునవుతుంది. 20, 30 మైక్రోలీటర్ల బొట్టు ఫోటో బాగా పడుతుంది కానీ, కింద చెప్పబోయే లెక్క దానికి పనికిరాదు.

సూది మొన ఉపరితలానికి 3 మిల్లీమీటర్ల పైన ఉంచి, చుక్క నెమ్మదిగా ఊరి దిగేలా నొక్కండి. పై నుంచి టప్పున పడేయకండి. పడ్డ ఊపుకు బొట్టు ముందు బాగా విచ్చుకుని, వెనక్కి రాలేక అక్కడే ఆగిపోతుంది. అప్పుడు కోణం తక్కువగా కనిపిస్తుంది.

ఫ్యాన్ ఆపారా? ఫోటో పది సెకన్లలోపు తీయాలి, అన్ని బొట్లకూ ఒకే సమయం పాటించాలి. నీరు ఆవిరవుతున్నప్పుడు బొట్టు అంచు కదలదు, ఉన్నచోటే పట్టుకుని ఉంటుంది. ఎత్తు మాత్రం తగ్గుతుంది. వేసవిలో ఫ్యాన్ కింద ఒక్క నిమిషానికే నాలుగైదు డిగ్రీలు పడిపోవచ్చు.

నాలుగో మెట్టు: కొలవడం

7. ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి. నున్నటి ఉపరితలమైతే బొట్టు కింద దాని నీడ తలకిందులుగా కనిపిస్తుంది. బొట్టు, ప్రతిబింబం కలిసి రెండు పక్కలా రెండు మూలలు ఏర్పడతాయి. కంటి కొసల్లా ఉంటాయి. ఆ రెండు మూలలను కలిపే గీతే బొట్టు అడుగు. కెమెరాను కాస్త వంచమన్నది ఈ మూలలు కనబడటం కోసమే. కొలతలో తప్పులు ఎక్కువగా పుట్టేది ఈ గీత దగ్గరే. శాంపిల్ ముందు అంచును చూసి అదే అడుగు అనుకుంటారు, లేదంటే ప్రతిబింబంలో కొంత భాగాన్ని బొట్టులో కలిపేస్తారు.

8. ఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. లైన్ టూల్‌తో రెండు కొలతలు తీసుకోండి: అడుగు వెడల్పు, అడుగు నుంచి శిఖరం దాకా ఎత్తు. ఇమేజ్‌జె లేకపోతే పెయింట్‌లో మౌస్ పెట్టినా కింద పిక్సెల్ అంకెలు కనిపిస్తాయి, తీసివేతలు మీరే చేసుకోవాలి.

లెక్క ఇది: ఎత్తును రెండుతో గుణించి వెడల్పుతో భాగించండి. వచ్చినదానికి టాన్ ఇన్వర్స్ తీసి, దాన్ని రెండింతలు చేయండి.

ఉదాహరణకు ఒక ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టర్‌కు వాడే పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద బొట్టు వెడల్పు 620 పిక్సెళ్ళు, ఎత్తు 248 అనుకోండి. 496ను 620తో భాగిస్తే 0.8. టాన్ ఇన్వర్స్ 38.7. రెండింతలు 77 డిగ్రీలు. క్యాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే 1.35 వస్తుంది. నవ్వకండి, ఆ అంకెను రిపోర్టులో అలాగే రాసేసినవాళ్ళను చూశాను.

ఫోటో మీద టాంజెంట్ గీతలు గీసి ప్రొట్రాక్టర్‌తో కొలవడం పాత పద్ధతి. కొలవొచ్చు, కానీ ఒకే ఫోటోను ఇద్దరు స్నేహితులకు విడివిడిగా ఇచ్చి చూడండి. ఇద్దరి మధ్య ఐదు డిగ్రీలు తేడా వస్తే ఆశ్చర్యం లేదు.

9. కనీసం ఐదు బొట్లు, ఐదు వేర్వేరు చోట్ల. ఒకసారి తడిసిన చోట మళ్ళీ వేయొద్దు.

వచ్చిన అంకె నమ్మొచ్చా?

మూడు పరీక్షలున్నాయి. మూడూ చేయండి.

ఒకటి, ఎడమ, కుడి కోణాలు. ఇమేజ్‌జెలో యాంగిల్ టూల్‌తో రెండు వైపులా విడివిడిగా చూడండి. రెండింటికీ ఐదు డిగ్రీల కంటే తేడా ఉంటే శాంపిల్ వాలుగా ఉంది, లేదా ఒక పక్క మురికి ఉంది.

రెండోది నాకు బాగా ఇష్టమైనది, ఎవరూ చేయనిది: ఫోటో నుంచి బొట్టు పరిమాణం వెనక్కి లెక్కకట్టడం. బొట్టు ఉన్నచోటే స్టీల్ స్కేలు నిలబెట్టి ఒక ఫోటో తీసుకుంటే మిల్లీమీటరుకు ఎన్ని పిక్సెళ్ళో తెలుస్తుంది. పై ఉదాహరణలో 200 అనుకుందాం. అప్పుడు అడుగు వెడల్పు 3.1 మి.మీ., ఎత్తు 1.24 మి.మీ. గోళఖండం సూత్రం మీకు తెలిసిందే: π ఇంటూ ఎత్తు బై ఆరు, ఇంటూ (మూడు రెట్ల వ్యాసార్థ వర్గం ప్లస్ ఎత్తు వర్గం). ఇక్కడ వ్యాసార్థం అంటే అడుగు వెడల్పులో సగం, 1.55 మి.మీ. లెక్కిస్తే 5.7 మైక్రోలీటర్లు వస్తుంది. చుక్కలు లెక్కపెట్టినప్పుడు వచ్చింది 5.5. రెండూ కలిశాయి కాబట్టి గీత సరైన చోటే పడింది. పది పదిహేను శాతం తేడా వరకు పర్వాలేదు. అంతకన్నా ఎక్కువైతే అడుగు గీత తప్పు, లేదా బొట్టు పై నుంచి చూస్తే గుండ్రంగా లేదు.

మూడోది, తెలిసిన ఉపరితలం మీద కొలవడం. స్లైడు మీద కొవ్వొత్తి మైనం పల్చగా పట్టించండి. మైనాన్ని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. నున్నగా ఆరిన మైనం మీద కోణం 100కూ 110కీ మధ్య రావాలి. యాక్రిలిక్ మీద 70 నుంచి 80. మీకు మైనం మీద 85 వస్తోందంటే పద్ధతిలోనే లోపముంది, కోటింగ్ జోలికి అప్పుడే వెళ్ళకండి. ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపును దీనికి వాడేవాళ్ళున్నారు. దాన్ని సాగదీస్తే ఉపరితలం పీచుపీచుగా మారి, నున్నటి టెఫ్లాన్‌కు రావాల్సిన 110 కంటే కోణం బాగా ఎక్కువ చూపిస్తుంది.

కోణం మరీ ఎక్కువైతే, మరీ తక్కువైతే

90 దాటాక బొట్టు నడుము అడుగు కంటే వెడల్పుగా ఉంటుంది. కొలవాల్సింది అడుగు, నడుము కాదు. నిజంగా 150 ఉన్న బొట్టుకు పొరపాటున నడుము కొలిస్తే లెక్కలో 124 వస్తుంది. మీ సూపర్ హైడ్రోఫోబిక్ (నీటిని దాదాపు అంటనివ్వని) కోటింగ్ అక్కడితో మామూలు కోటింగ్ అయిపోతుంది. 120 దాటితే చేతి లెక్క వదిలేసి ఇమేజ్‌జెకు దొరికే డ్రాప్‌స్నేక్ ప్లగిన్ వాడండి, అది బొట్టు అంచు మొత్తాన్ని చూస్తుంది.

10 కంటే తక్కువ వస్తే అంకె కోసం పాకులాడకండి. "10 కంటే తక్కువ" అని రాయండి.

కాగితం, బట్ట, మట్టి లాంటివి నీటిని పీల్చేస్తాయి. వాటికి వీడియో తీసి, బొట్టు తాకిన మొదటి క్షణం నుంచి కోణం ఎలా తగ్గుతోందో చూపించాలి. ఒక్క అంకె ఇస్తే అది అబద్ధం కింద లెక్క.

ఒక్క కోణం చాలదు

తామరాకు మీద నీటిబొట్టు అంటే మనకు అంటీ ముట్టనితనం. బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞులు 1997లో ఆ ఆకు తనను తాను ఎలా శుభ్రం చేసుకుంటుందో వివరించారు. కోణం 150 దాటుతుంది, కాస్త వంచితే బొట్టు దొర్లిపోతుంది. ఇప్పుడు గులాబీ రేకు తీసుకోండి. దాని మీదా బొట్టు దాదాపు అంతే గుండ్రంగా నిలబడుతుంది. కానీ రేకును తలకిందులు చేసినా బొట్టు ఊడి పడదు! నిలకడ కోణం, అంటే ఇంతదాకా మనం కొలిచిన కదలని బొట్టు కోణం, రెండింటికీ దాదాపు ఒకటే, స్వభావం మాత్రం పూర్తిగా వేరు.

అందుకని ఇంకో రెండు కోణాలు తీయండి. సూదిని బొట్టులోనే ఉంచి నెమ్మదిగా నీరు ఎక్కించండి. కొంతసేపు అంచు కదలదు, కోణం పెరుగుతుంది. అంచు జరగడం మొదలైన క్షణంలో ఉన్నది అడ్వాన్సింగ్ కోణం. అలాగే నీరు వెనక్కి లాగుతుంటే అంచు లోపలికి జరిగే క్షణంలో ఉన్నది రిసీడింగ్ కోణం. రెండూ వీడియోలోనే పట్టుకోవాలి. రెండింటి తేడా ఎంత ఎక్కువైతే బొట్టు అంత గట్టిగా పట్టుకుని ఉంటుంది. సూది కదలకుండా పట్టుకోవడం కష్టం. నేను సిరంజిని పాత పుస్తకాల మధ్య ఇరికిస్తాను.

ఆకుల మీద చేసేవాళ్ళకు

అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. వరి, క్యాబేజీ ఆకుల మీద మందు చుక్కలు నిలవవు, పైనున్న మైనపు పొర వల్ల దొర్లిపోతాయి. వేపనూనె కలిపేటప్పుడు లీటరుకు గ్రాము సర్ఫ్ పొడి వేయమనేది నూనె నీటిలో కలవడానికే కాదు, చుక్క ఆకు మీద పరుచుకోవడానికి కూడా.

ఆకును అప్పుడే కోసి, కత్తిరించి, రెండు వైపులా అంటుకునే టేపుతో స్లైడు మీద చదునుగా అతికించండి. పై భాగాన్ని వేలితో రాస్తే మైనం చెరిగిపోతుంది, ఆ శాంపిల్ ఇక దండగ. వరి ఆకుకు ఈనెల వెంట చూస్తే ఒక కోణం, అడ్డంగా చూస్తే మరో కోణం వస్తుంది కాబట్టి ఏ వైపు నుంచి తీశారో రాసుకోండి. వట్టి నీటి బొట్టు, సర్ఫ్ నీటి బొట్టు పక్కపక్కనే వేసి ఫోటో తీయండి. సర్ఫ్ నీటికి వాడిన సిరంజిని మళ్ళీ మంచినీటికి వాడొద్దు, ఎంత కడిగినా సరే.

రిపోర్టులో ఎలా రాయాలి

"కోణం 77.32 డిగ్రీలు" అని రాయకండి. ఫోన్‌తో తీసినదానికి దశాంశాలు నిలవవు. ఇలా రాయండి: "నిలకడ కోణం 77 ± 3 డిగ్రీలు. డిస్టిల్డ్ వాటర్, 5.5 మైక్రోలీటర్ల బొట్టు, వేసిన 10 సెకన్లకు, గది ఉష్ణోగ్రత 29 డిగ్రీలు, ఒకే షీటు మీద ఏడు చోట్ల." శాంపిల్‌ను ఎలా కడిగారో, కడిగిన ఎంతసేపటికి కొలిచారో ఇంకో వాక్యం చేర్చండి. దాని కింద రెండు ఫోటోలు పెట్టండి: వేలు తగిలిన గాజు మీద బొట్టు, కడిగిన గాజు మీద బొట్టు. వైవాలో "గాజుకు సున్నా రావాలి కదా, మీకెందుకు రాలేదు?" అని అడిగితే ఆ పేజీ తిప్పి చూపించండి.